లొంగుబాటు తరువాత: ఆయుధము దించిన స్త్రీల గాయము, వ్యసనము, సంఘ కాపరి బాధ్యత

ఉపోద్ఘాతము

"మాజీ సైనికులు" అనగానే మన మనస్సులో యూనిఫారము ధరించిన పురుషుడు మెదలుతాడు. అయితే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పరిచర్య చేయు మనకు మరొక విధమైన మాజీ యోధులు ఎదురవుతారు. యౌవనములో అడవికి వెళ్ళి, సంవత్సరముల తరబడి తుపాకి మోసి, నేడు ఊరికి తిరిగి వచ్చిన స్త్రీలు వారు. వీరికి పింఛను పత్రము లేదు, పతకము లేదు. వార్తాపత్రికలో ఒక ఫోటో, పోలీసు దస్త్రములో ఒక పేరు, ఊరిలో "లొంగిపోయినామె" అను గుర్తింపు మాత్రమే ఉన్నవి.

వారు చేరిన ఉద్యమము యొక్క రాజకీయ న్యాయాన్యాయములను తీర్పు తీర్చుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అట్టి స్త్రీ మన ప్రార్థన కూటమునకు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నప్పుడు కాపరి ఏమి తెలిసికొని ఉండవలెను అనునదే మన ప్రశ్న. మనము చెప్పదలచినది ఒక్కటే: గాయము నుండి, వ్యసనము నుండి కోలుకొనుటకు ఒక క్రమమున్నది. ముందు భద్రత, తరువాత దుఃఖము, ఆ తరువాతనే సాక్ష్యము. మన సంఘములలో తరచుగా ఈ క్రమము తలక్రిందులవుతున్నది. అందువలన కలుగు నష్టము కొన్నిసార్లు ప్రాణనష్టమే.

1. చారిత్రక నేపథ్యము

తెలుగు నేలపై స్త్రీలు ఆయుధము పట్టుట కొత్త కాదు. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటములో నల్లగొండ ప్రాంతపు మల్లు స్వరాజ్యం వంటి స్త్రీలు దళములలో పనిచేశారు. 1951 అక్టోబరులో పోరాటము విరమించిన తరువాత వారిలో అనేకులు నిశ్శబ్దముగా ఇంటి పనికి తిరిగి వెళ్ళవలసి వచ్చింది. వారి అనుభవములను స్త్రీ శక్తి సంఘటన సేకరించి "మనకు తెలియని మన చరిత్ర" అను పేరుతో ప్రచురించినది 1986లో. అనగా వారి కథ గ్రంథరూపములో వినబడుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టింది.

మన ప్రాంతమునకు వస్తే, 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించింది. 1980 ఏప్రిల్ 22న పీపుల్స్ వార్ ఏర్పడింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. మృతులు 13 మంది అని అధికారిక లెక్క. హక్కుల సంఘములు చెప్పిన సంఖ్య దానికంటె ఎంతో ఎక్కువ. తరువాతి దశాబ్దములలో ఈ రెండు జిల్లాల నుండి అనేకమంది యువతీయువకులు దళములలో చేరారు. 2004 సెప్టెంబరులో పార్టీ విలీనమై మావోయిస్టు పార్టీ అయినది. ఆ అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వముతో జరిగిన చర్చలు నిలువలేదు.

ఇటీవలి సంవత్సరములలో తిరిగి వచ్చువారి సంఖ్య పెరిగింది. పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ 2025 అక్టోబరులో, ఆయన భార్య తారక్క అదే సంవత్సరము జనవరిలో, ప్రాణహితకు ఆవల ఉన్న గడ్చిరోలిలో ఆయుధములు అప్పగించారు. కేంద్ర కమిటీ సభ్యురాలు, పెద్దపల్లికే చెందిన కిషన్‌జీ భార్య, పోతుల పద్మావతి అను సుజాత సుమారు నాలుగు దశాబ్దముల అజ్ఞాతవాసము తరువాత 2025 సెప్టెంబరులో హైదరాబాదులో లొంగిపోయారు. పేరుమోసిన ఇట్టి వారి వెనుక, ఏ పత్రికకూ గుర్తులేని సాధారణ దళ సభ్యురాండ్రు ఉన్నారు. మన సంఘములకు వచ్చునది వారే.

2. వారు మోసుకొని వచ్చునది

ప్రభుత్వ పునరావాస విధానములో తక్షణ సహాయము, తలపై ఉన్న రివార్డు సొమ్మును ఆమెకే ఇచ్చుట మొదలగునవి ఉన్నవి. ఇవి అవసరమే. కాని సొమ్ము నిద్రను తేలేదు. ప్రతి రాత్రి వంతుల కావలి కాసిన శరీరము ఇంటిలో తలుపు వేసికొన్నను మేల్కొనియే ఉంటుంది. కుక్క మొరిగినా, పెళ్ళి బారాతులో టపాకాయ పేలినా గుండె అదరుతుంది. 1980లో అమెరికా మానసిక వైద్యులు ఈ స్థితికి అధికారికముగా పేరు పెట్టారు. దానిని మనము "గాయానంతర మానసిక వేదన" అనవచ్చును. ఇది విశ్వాస లోపము కాదు. ప్రాణము కాపాడుకొనుటకు నేర్చిన జాగ్రత్త, ప్రమాదము పోయిన తరువాతను దిగిపోకుండుట.

దీనికి తోడు మూడు భారములు ఉండవచ్చును. మొదటిది, ఏడ్వని ఏడుపు. ఎన్‌కౌంటరులో పడిపోయిన భర్తను, స్నేహితురాలిని పూడ్చుటకైనా ఆగలేక పరుగెత్తినవారు ఉంటారు. రెండవది, సంతానము. దళములో వివాహమునకు ముందు పురుషునికి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుట పరిపాటి. బయటికి వచ్చిన దంపతులలో కొందరు దానిని సరిచేయించుకొనుటకు మరల ఆసుపత్రులకు వెళ్ళారు. అట్టి స్త్రీని మన సంఘ స్త్రీలు మొదటి దినమే "పిల్లలెంతమంది అక్కా?" అని అడుగుతారు. ప్రేమతో అడిగిన ఆ ప్రశ్నతోనే ఆమె మరుసటి ఆదివారము రాకపోవచ్చును.

మూడవది, తన చేతులతో జరిగినది లేక తన కళ్ళ ముందు జరిగినది. "ఇన్‌ఫార్మరు" అను ముద్రతో చంపబడినవారి కుటుంబములు, మందుపాతరలలో మరణించిన పోలీసుల భార్యలు కూడ మన సంఘములలోనే ఉన్నారు. ఒకే బల్ల యొద్ద రొట్టె విరుచుటకు వీరందరు వస్తారు. కాపరి పని ఇక్కడ ఎంత సున్నితమైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

3. వ్యసనము: మనము తప్పుగా చదువు లక్షణములు

తిరిగి వచ్చిన స్త్రీలందరు వ్యసనపరులని మనము చెప్పుట లేదు. అట్లు అనుకొనుట వారికి మరియొక ముద్ర వేయుటే. కాని నిద్ర రానివారు నిద్ర నిచ్చుదాని కొరకు వెదకుతారు. మన ప్రాంతములో అది దూరముగా లేదు. కల్లు దుకాణము, గుడుంబా, నిద్రమాత్రలు, గుట్కా, తంబాకు అన్నియు ఊరిలోనే దొరుకుతాయి. గోండుల, కొలాముల పూజలలో ఇప్పసారాకు ఉన్న స్థానము వేరు, ప్రతి రాత్రి భయమును అణచుటకు త్రాగుట వేరు. ఈ భేదము తెలియక ఆదివాసి సంప్రదాయమంతటిని త్రాగుబోతుతనముగా నిందించు బోధకుని మాట ఆమె వినదు.

కల్లు విషయములో కాపరి తప్పక తెలిసికొనవలసిన సంగతి ఒకటున్నది. తెలంగాణలో దుకాణములలో అమ్ము కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుట చాలాకాలముగా ఉన్న దుర్మార్గము. దానికి అలవాటుపడిన మనిషి "కల్లు"కు కాదు, ఆ మందులకు బానిస అవుతుంది. ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు దినములలోనే చేతులు వణుకుట, చెమటలు, నిద్రలేమి, లేనివి కనబడుట, సంబంధము లేని మాటలు, చివరకు ఫిట్స్ రావచ్చును. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ మొదలగు జిల్లాలలో వందలాదిమంది ఇట్టి లక్షణములతో ఆసుపత్రులకు చేరారు. ఎక్కువకాలము అధికముగా సారా త్రాగినవారు ఒక్కసారి మానినను ఇదే ప్రమాదము.

ఇప్పుడు ఉజ్జీవ కూటమును తలంచుడి. ఆమె ముందుకు వచ్చి, "ఈ రాత్రి నుండి ముట్టను" అని ప్రమాణము చేస్తుంది. సంఘము హల్లెలూయ అంటుంది. మూడవ దినమున ఆమె వణకుచు గోడవైపు చూచి ఎవరితోనో మాట్లాడుతుంది. మనము దానిని ఏమని చదువుతాము? "దయ్యము పట్టినది" అని ఉపవాసముంచి, మైకు పెట్టి, పట్టుకొని రాత్రంతా ప్రార్థన చేస్తే, వైద్యము అందవలసిన గంటలు గడిచిపోతాయి. ఆమె నిర్ణయము నిజమైనదే, దేవుని కృప నిజమైనదే. కాని మాన్పించు పని వైద్యుని పర్యవేక్షణలో, మోతాదు మెల్లగా తగ్గించుచు జరుగవలెను. ప్రార్థన ఆసుపత్రి మంచము ప్రక్కన కూడ చేయవచ్చును.

4. కోలుకొను క్రమము

1992లో అమెరికా వైద్యురాలు జూడిత్ హెర్మన్ యుద్ధమునుండి వచ్చినవారిని, ఇంటిలో హింసకు గురియైన స్త్రీలను ఒకే చోట పరిశీలించి వ్రాసిన గ్రంథములో మూడు దశలను వివరించారు. మొదటిది భద్రత. రెండవది జ్ఞాపకము చేసికొని దుఃఖించుట. మూడవది జనులతో తిరిగి కలియుట. అదే సంవత్సరము అమెరికాలో మాజీ స్త్రీ సైనికులకు, సేవాకాలములో జరిగిన లైంగిక హింస విషయమై ఆలోచన చెప్పు సేవలకు చట్టము అనుమతినిచ్చింది. స్త్రీ యోధురాలి గాయము పురుషుని గాయమువంటిదే కాదని ప్రభుత్వము గుర్తించుటకు అంత కాలము పట్టింది.

తరువాత లీసా నజావిట్స్ 2002లో ప్రచురించిన చికిత్సా విధానము మరియొక సంగతిని ముందుకు తెచ్చింది. గాయమును, వ్యసనమును వేరుచేసి, "ముందు త్రాగుడు మానుము, తరువాత నీ బాధ విందుము" అనుట పనిచేయదు. రెండింటిని కలిపి చూడవలెను. ఏలయనగా త్రాగుడు ఆమెకు రోగమగుటకు ముందు ఔషధమైనది. దానిని తీసివేయునప్పుడు దాని స్థానములో నిద్రకు, భయమునకు, ఒంటరితనమునకు వేరొక సహాయము ఉండవలెను.

5. లేఖన పరిశీలన

ఈ క్రమము లేఖనములకు అన్యమైనది కాదు. 1 రాజులు 19లో ఏలీయా రక్తపాతము తరువాత ప్రాణభయముతో పారిపోయి చావు కోరుకొన్నాడు. దేవుడు మొదట ప్రశ్న అడుగలేదు. నిద్రపోనిచ్చి, దూత చేత రొట్టె, నీళ్ళు పెట్టించి, మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. ప్రశ్న వచ్చినది హోరేబు చేరిన తరువాతనే.

సంఖ్యాకాండము 31:19-24లో యుద్ధము నుండి తిరిగి వచ్చినవారు ఏడు దినములు పాళెము వెలుపల ఉండి, మూడవ దినమున, ఏడవ దినమున శుద్ధి చేసికొని లోపలికి రావలెను. అదే అధ్యాయములో చెరపట్టబడిన స్త్రీల విషయమై ఉన్న ఆజ్ఞలు మనలను కలవరపరచుచున్నవి, వాటిని దాటవేయరాదు. అయినను ఇక్కడ ఒక సత్యమున్నది. గెలిచినవారు సయితము యుద్ధమునుండి నేరుగా ఇంటికి నడిచి రాలేదు. వెలుపల గడుపు దినములకు లెక్క ఉన్నది, శుద్ధికి నీరు ఉన్నది, లోపలికి త్రోవ ఉన్నది. మన ఊళ్ళలో ఈ స్త్రీలకు వెలుపల ఉండు దినములకు లెక్క లేదు.

మార్కు 5:25-34లోని రక్తస్రావము గల స్త్రీ ముందు స్వస్థత పొందినది. ఆ తరువాతనే వణకుచు వచ్చి తన సంగతి యావత్తు చెప్పినది. ప్రభువు ఆమెను కుమారీ అని పిలిచి సమాధానముతో పంపెను. లూకా 8లో సేన పట్టినవాడు సహితము మొదట వస్త్రము ధరించి, స్వస్థచిత్తుడై, యేసు పాదముల యొద్ద కూర్చున్నాడు. "వెళ్ళి చెప్పుము" అను ఆజ్ఞ ఆ తరువాతిది. అది కూడ వేదికకు కాదు, తన ఇంటికి.

6. కాపరులకు ఆచరణాత్మక సూచనలు

మొదటిది, సాక్ష్యము అడుగవద్దు. "మాజీ నక్సలైటు సాక్ష్యము" అని కరపత్రము వేస్తే జనము వస్తారు. కాని ఆమెపై కేసులు ఇంకను నడుచుచుండవచ్చును; ఆమె మాటలు ఫోనులలో తిరిగి ఎవరి చేతిలో పడునో మనకు తెలియదు. ఆమె స్వయముగా, తగిన కాలమున, తనకు ఇష్టమైనంత చెప్పుట వేరు.

రెండవది, మన మాటలు చూచుకొందము. "దేవునికి లొంగిపో" అను మాట మనకు భక్తి భాష. ఆమెకు "లొంగుబాటు" అనగా కెమెరాల ముందు నిలువబడిన దినము. "దేవుని యొద్దకు రమ్ము" అనినను సువార్తయే.

మూడవది, శరీరమును గౌరవింతము. అడుగకుండ తలపై చేయి వేయరాదు. వెనుకనుండి తాకరాదు. తలుపు దగ్గర కూర్చుంటే అక్కడే ఉండనిద్దాము. ఆమెతో పురుష కాపరి ఒంటరిగా మాట్లాడక, నోరు అదుపులో ఉన్న ఒక పెద్ద స్త్రీని తోడుంచవలెను. ఇంటింటికి వెళ్ళి కూర్చుండి వినిన బైబిలు స్త్రీల పరిచర్య మన తెలుగు సంఘములకు పాతదే. దానిని ఈ పనికి మరల లేపవచ్చును.

నాలుగవది, వైద్యమునకు త్రోవ ముందే తెలిసి ఉండవలెను. ఆదిలాబాద్ రిమ్స్, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రి, అవసరమైతే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము మనకు అందుబాటులో ఉన్నవి. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో ఉచితముగా మాట్లాడవచ్చును. వ్యసన విముక్తికి 14446, స్త్రీల రక్షణకు 181 ఉన్నవి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుచున్నా, చనిపోవుదునని చెప్పినా ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

ఐదవది, క్షమాపణను బలవంతము చేయవద్దు. హతుని కుటుంబమును, ఆమెను ఒకే ఆదివారము కౌగిలింపజేసి సమాధానమైనదని ప్రకటించుట ఇరువురికి హింసయే. సమాధానము దేవుని పని, దాని కాలము ఆయనది. కాపరి ఇరు ఇండ్లకు వెళ్ళుచుండవలెను, ఒకరి మాట మరియొకరి యొద్ద పలుకరాదు.

ఆరవది, మరల త్రాగినప్పుడు సంఘబహిష్కారము మొదటి మాట కారాదు. మరల జారుట ఈ రోగములో తరచు కనబడునదే. "మరల ఎప్పుడు వస్తావు?" అని అడుగు ఒక్కరు ఉంటే చాలు, ఆమె తిరిగి ప్రయత్నింపగలదు.

ముగింపు

దళములో అందరు ఆమెను "అక్క" అని పిలిచారు. ఆ పిలుపులో కుటుంబము, గౌరవము, ఒకరికొకరు కావలి అను భావము ఉన్నవి. దానిని విడిచి వచ్చినప్పుడు ఆమె తుపాకి ఒక్కటే కాదు, ఆ బంధువర్గమంతటిని విడిచి వచ్చినది. కల్లు దుకాణములో దొరకు కొద్దిపాటి తోడు అందుకే ఆమెను పట్టుకొనగలదు. సంఘము దానికంటె మెరుగైన తోడు కాగలదా అనునది మన ముందున్న పరీక్ష. ఆమె కథను వాడుకొనక, ఆమె నిద్రను, ఆరోగ్యమును, దుఃఖమును మొదట కాపాడి, మరల "అక్కా" అని పిలువగల సంఘము ఉన్నచోట, సాక్ష్యము దాని కాలమున దానంతట అదే వచ్చును. రాకపోయినను ఆమె మన సహోదరియే.