పేరున్న ఆబోతుకు పుట్టిన దూడ ఎందుకు ఎదగలేదు?

ఆవు బాగుంది. సూదికి వాడిన వీర్యం పేరుమోసిన ఆబోతుది. అయినా దూడ ఎదగదు. నోట్లో పుండ్లు, కదిలే పళ్లు, ఆగని పారుడు, మళ్లీ మళ్లీ న్యుమోనియా. చిన్న గాయమైనా మానదు, అందులో చీము కూడా సరిగా పట్టదు. ఇలాంటి దూడలు చాలావరకు ఏడాది నిండకముందే చనిపోతాయి.

అమెరికా హోల్‌స్టీన్ మందల్లో బయటపడ్డ ఈ జబ్బు పేరు బ్లాడ్. రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు తక్కువ ఉండవు, మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువే ఉంటాయి! మరి గాయం ఎందుకు మానదు? తెల్లకణం ముందు రక్తనాళం గోడకు అంటుకోవాలి, ఆ తర్వాతే గోడ దాటి గాయాన్ని చేరుతుంది. అలా అంటుకోవడానికి సీడీ18 అనే ప్రొటీన్ కావాలి. దాని జన్యువులో ఒక్క అక్షరం మారింది. అయోవా రాష్ట్రం ఏమ్స్‌లోని జాతీయ పశువ్యాధుల కేంద్రం శాస్త్రవేత్తలు 1992లో ఈ సంగతి వెల్లడించారు.

తల్లికీ తండ్రికీ ఏమీ కాలేదేం? ప్రతి జన్యువూ జంటగా ఉంటుంది, ఒకటి బాగుంటే పని జరిగిపోతుంది. రెండువైపుల నుంచీ చెడ్డదే వస్తేనే జబ్బు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకాలైతే, అంటే తమకు జబ్బు లేకున్నా చెడ్డ జన్యువు ఒకటి మోస్తుంటే, పుట్టే ప్రతి దూడకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం.

ఈ లోపం 1952లో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఆబోతు వంశంలో దిగివచ్చింది. ఆ వంశంలోని కార్లిన్-ఎం ఐవన్‌హో బెల్ అనే ఆబోతు కూతుళ్లు పాలు బాగా ఇచ్చేవి, అందుకే దాని వీర్యం దేశదేశాలకూ వెళ్లింది. కొన్ని తరాలకు దూడ తల్లివైపూ తండ్రివైపూ అదే తాత! అమెరికాలో అప్పట్లో పరీక్షించిన ఆబోతుల్లో సుమారు 14 శాతం, ఆవుల్లో సుమారు 6 శాతం వాహకాలని తేలింది. పాలొక్కటే చూసి ఒకే కుటుంబాన్ని పట్టుకు వేలాడిన ఫలితమిది.

ఈ లోపాన్ని పట్టే జన్యుపరీక్ష రాగానే పరిస్థితి మారింది. వంశావళిలో వాహక ఆబోతు పేరు పక్కన బీఎల్ అని, లోపం లేనిదానికి టీఎల్ అని రాయడం మొదలైంది. వాహక ఆవును అమ్ముకోనక్కర్లేదు. టీఎల్ ఆబోతు వీర్యం వేయిస్తే జబ్బు దూడ పుట్టదు.

మన సంకరజాతి ఆవుల్లోనూ హోల్‌స్టీన్ రక్తముంది. వీర్య కేంద్రాల్లోని ఆబోతులకు జన్యులోపాల పరీక్ష మన ప్రభుత్వ ప్రమాణాల్లోనూ ఉంది. సూది వేయడానికి గోపాలమిత్ర వచ్చినప్పుడు ఆ పరీక్ష సంగతి అడగండి. వీర్యం స్ట్రా మీది ఆబోతు నంబరు రాసిపెట్టుకోండి, రేపు ఆ సూదికి పుట్టిన పెయ్య ఎదకొచ్చినప్పుడు దానికి మళ్లీ అదే ఆబోతును వేయించకండి.