అక్వేరియం ఫిల్టరు: శుభ్రం చేయడం, భాగాలు మార్చడం

వార్షికోత్సవం దగ్గర పడిందంటే హాస్టల్లో గోడలకు సున్నం, కిటికీలకు రంగు పడతాయి. స్టడీ హాల్లో చేపల తొట్టి ఉంటే దాన్నీ తోమేస్తారు. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద పెట్టి, సబ్బుతో తెల్లబడేదాకా పిండుతారు. నీళ్లు అద్దంలా మెరుస్తాయి. కానీ కొద్ది రోజులకే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తూ ఒక్కొక్కటిగా చనిపోతాయి. ఎందుకిలా?

ఫిల్టరు చేసే అసలు పని

చేపల మొప్పల నుంచి, వాటి మలం నుంచి, మిగిలిన మేత కుళ్లడం వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది కంటికి కనిపించదు గానీ చేపకు విషం. స్పాంజి రంధ్రాల్లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు వల్ల హాని చాలా తక్కువ. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే అదీ పెరగదు. మనం సైన్సులో చదివే నత్రజని వలయంలో ఇదొక భాగం. సబ్బు, బ్లీచింగ్ పౌడరు కలిసిన నీళ్లు ఈ బ్యాక్టీరియాను చంపేస్తాయి. అప్పుడు ఫిల్టరు తిరుగుతున్నా విషం పేరుకుపోతుంది.

కడిగే పద్ధతి

ముందుగా ప్లగ్ తీసేయాలి. తడి చేతులతో ముట్టుకోరాదు. తొట్టిలోని నీళ్లే ఒక బకెట్లోకి తీసుకుని, అందులో స్పాంజిని మూడు నాలుగు సార్లు పిండితే చాలు. కాస్త గోధుమరంగు మిగిలితే మంచిదే. నీటి ధార తగ్గినప్పుడల్లా ఇలా చేయాలి. తొట్టి మార్పు, ఫిల్టరు కడగడం ఒకే రోజు పెట్టుకోవద్దు.

అరిగే భాగాలు

స్పాంజి: పిండినా తిరిగి ఉబ్బకపోతే, ముక్కలుగా ఊడుతుంటే మార్చాలి. కొత్తదాన్ని పాతదాని పక్కనే నెల రోజులు ఉంచి, ఆ తర్వాతే పాతది తీయాలి. అప్పటికి బ్యాక్టీరియా కొత్తదానిలోకి చేరుతుంది.

ఇంపెల్లరు: మోటారు గరగరమంటే దీన్ని బయటికి తీసి, చుట్టుకున్న నాచును పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. బోరు నీళ్ల తెల్లటి పొర పట్టి ఉంటే నిమ్మరసంలో నానబెట్టి బాగా కడగాలి. రెక్క విరిగినా, ఇరుసు అరిగినా అదే మోడలుది కొనాలి.

ఎయిర్ పంపు: బుడగలు తగ్గితే ముందు గొట్టంలో అడ్డం ఉందేమో చూడాలి. లేకపోతే లోపలి రబ్బరు పొర చిరిగి ఉంటుంది. ఆ పొర ఒక్కటీ మారిస్తే చాలు, కొత్త పంపు అక్కర్లేదు. పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు దానిలోకి వెనక్కి రావు.

కరెంటు పోతే, సెలవులొస్తే

నీటి ప్రవాహం ఆగితే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. చాలా గంటలు కరెంటు లేకపోతే, స్పాంజిని తొట్టి నీళ్లలో పిండిన తర్వాతే ఫిల్టరు ఆన్ చేయాలి. వేసవి సెలవుల్లో చేపలను ఎవరికైనా అప్పగిస్తే, నడుస్తున్న ఫిల్టరును కూడా వాటితోపాటే పంపాలి. ఎండిన స్పాంజిలో బ్యాక్టీరియా బతకదు.

హాస్టల్లో ఏటా ఒక బ్యాచ్ వెళ్తుంది, మరొకటి వస్తుంది. అందుకే తొట్టి పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. స్పాంజి పిండిన తేదీ, మార్చిన భాగం అందులో రాయండి. వెళ్లే సీనియర్లు ఆ పుస్తకాన్ని తమ్ముళ్ల చేతిలో పెట్టి, ఒక్కసారి స్పాంజి పిండి చూపిస్తే చాలు. వచ్చే ఏడాది కూడా ఆ చేపలు బతికే ఉంటాయి.