నొక్కితే నీరు, నీరు చేరితే ఆమ్లం

సాయంత్రం పంక్చర్ షాపు కట్టేసే ముందు మెకానిక్ కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పుతాడు. బుస్సుమని గాలి, దాని వెంటే తుప్పు రంగు నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఆ ట్యాంకులో ఎవరూ నీళ్లు పోయలేదు. పొద్దుటి నుంచి మిషను పీల్చిన గాలిలోని తేమే అది. గాలిని ఎనిమిదో వంతుకు నొక్కి చల్లారనిస్తే, ఆవిరిగా ఇమడలేని తేమంతా నీరై దిగుతుంది. కంప్రెసర్ జబ్బులు చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. తనను తినేదాన్ని అది తన పనితోనే తయారుచేసుకుంటుంది.

1650 ప్రాంతంలో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఒట్టో ఫాన్ గెరికె గాలిని తోడేసే పంపు చేశాడు. గాలిని నొక్కి దానితో బండచాకిరీ చేయించడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది. ఆల్ప్స్ కొండల కింద ఫ్రాన్స్, ఇటలీలను కలిపే రైలు సొరంగం 1857లో మొదలైంది. జెర్మాన్ సొమెయె అనే ఇంజనీరు అక్కడ నొక్కిన గాలితో డ్రిల్లులు నడిపించి రాతిని తొలిపించాడు. 1871లో ఆ దారిన రైలు నడిచింది.

అప్పట్లో మిషను పీల్చింది కొండగాలి. తర్వాత అది గ్యాసు బావులకూ, రిఫైనరీలకూ, ఎరువుల కర్మాగారాలకూ చేరింది. అక్కడి వాయువు ఒంటరిగా రాదు. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్, క్లోరైడ్లు వెంట వస్తాయి.

వీటిలో మొదటిది ఎంత మొండిదో 1951 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని లాక్ గ్యాసు బావి చూపించింది. అక్కడ అదుపు తప్పి ఎగజిమ్మిన గ్యాసులో సుమారు 15 శాతం హైడ్రోజన్ సల్ఫైడే. కుళ్లిన గుడ్డు వాసన వేసేది ఇదే. గట్టి ఉక్కు గొట్టాలు పుల్లల్లా విరిగాయి. తడి తగిలితే ఈ వాయువు ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఆ చర్యలో పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు లోహంలోకి దూరి దాన్ని పెళుసు చేస్తాయి. ఉక్కు ఎంత గట్టిదైతే అంత తేలిగ్గా పగులుతుంది. తట్టుకునే ఉక్కు తయారయ్యాకే, 1957లో, లాక్ గ్యాసు ఉత్పత్తి మొదలైంది. అమెరికాలో 1975లో వచ్చిన ప్రమాణం సాధారణ ఉక్కుల గట్టిదనానికి రాక్‌వెల్ సి కొలతలో 22 దగ్గర గీత గీసింది.

ఆ ప్రమాణంలో మరో గీత కూడా ఉంది. తడి గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ పాక్షిక పీడనం, అంటే మొత్తం ఒత్తిడిలో దాని వంతు, 0.3 కిలోపాస్కల్ దాటితే జాగ్రత్త పడాలి. పది లక్షల పాళ్లలో 100 పాళ్లు ఈ వాయువు ఉందనుకోండి. మామూలు ఒత్తిడి దగ్గర దాని వంతు 0.01 కిలోపాస్కల్, భయం లేదు. అదే గ్యాసును 70 రెట్లు నొక్కితే 0.7. కొత్తగా చుక్క విషం కలపకుండానే గీత దాటేశాం.

వేడిదీ ఇదే వరస. మామూలు గాలిని ఒక్క ఊపున ఎనిమిదో వంతు చేయబోతే వేడి 250 డిగ్రీలు దాటుతుంది. అందుకే అంచెలంచెలుగా నొక్కి, మధ్య మధ్య కూలర్లలో చల్లారుస్తారు. చల్లారిన చోటల్లా నీరు దిగుతుంది, వాయువులు అందులో కరిగితే అది ఆమ్లమవుతుంది. ఆ నీరు పక్క సిలిండరులోకి జారితే మరీ ప్రమాదం. ద్రవం నొక్కితే నలగదు కనుక వాల్వు పలకలు పగులుతాయి, రాడ్డు వంగుతుంది. ఐరన్ సల్ఫైడ్ పొడి గరుకు కాగితంలా పిస్టన్ రింగులను అరగదీస్తుంది. రిఫైనరీల్లో అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ కలిసి తెల్లటి ఉప్పుగా పేరుకుంటాయి. తిరిగే చక్రానికి అది ఒకవైపు ఎక్కువ అంటితే మిషనంతా వణుకుతుంది. బరువైన హైడ్రోకార్బన్లు మిషను కందెన నూనెలో కరిగి దాన్ని పలుచన చేస్తే బేరింగులు అరుగుతాయి.

వాయువును బట్టి లోహమూ మారాలి. గుంటూరులో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల అమ్మోనియా కంప్రెసర్లకు రాగి, ఇత్తడి గొట్టాలు వాడరు. తడి తగిలిన అమ్మోనియా వాటిని తినేస్తుంది.

మందు మాత్రం పాతదే. గ్యాసును ముందే అమీన్ ద్రావణంతో కడిగి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తీసేయడం. ఆ పద్ధతికి అమెరికాలో 1930లోనే పేటెంటు వచ్చింది. ప్రతి కూలరు తర్వాత ఒక డ్రమ్ము పెట్టి, దిగిన నీటిని ఎప్పటికప్పుడు వదిలేయడం. డ్రమ్ములో మట్టం గీత దాటితే మిషను తనంతట తానే ఆగిపోయేలా అమరుస్తారు. పంక్చర్ షాపులో ఆ కాపలా మెకానిక్ చేతిదే.