చాందీపుర నుంచి మా వూరిదాకా

2003 జూన్ నెల. నేను బి.ఏ. పరీక్షలు రాసి, ఫలితాల కోసం యెదురుచూస్తూ కరీంనగర్ జిల్లాలోని మా వూళ్లో వున్నాను. వొకనాటి సాయంకాలం పొరుగింటి అవ్వ మనుమడు, యేడేళ్లవాడు, మా అరుగు మీద గోలీలాడి యింటికి పోయాడు. రాత్రి జ్వరం వచ్చింది. నడిరేయి వాంతులు. తెల్లవారుజామున ఫిట్స్. జీపు మాట్లాడి పట్నం తీసుకుపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళకే జీపు తిరిగి వచ్చింది. ఆ చప్పుడు వినగానే మా అమ్మ చేతిలో గరిటె కింద పెట్టేసింది.

వూళ్లో తలా వొక మాట అన్నారు. మెదడువాపు అన్నారు కొందరు. దోమలన్నారు, పందులన్నారు, పందులను వూరి బయటికి తరిమారు. అవ్వను అడిగితే ఆమె వొకటే చెప్పింది: “ఏం కుట్టలే బిడ్డా. నా పక్కన్నే పండిండు. నిద్రల గూడ మెసలలే.”

ఆ పిల్లవాడి రక్తం యెవరూ తీసి పరీక్షకు పంపలేదు. అంచేత వాడు యే లెక్కలోనూ చేరలేదు.

ఆ వేసవిలో రాష్ట్రమంతటా యిలాంటి యిళ్లు యెన్నో. జూన్ మొదటి తారీఖు నుంచి సెప్టెంబరు మొదటివారం దాకా 329 మంది పిల్లలు జబ్బుపడ్డారని, వారిలో 183 మంది చనిపోయారని తరువాత లెక్క తేలింది. చాలామంది వొకటి రెండు రోజుల్లోనే పోయారు. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థవారు రక్తాలు, మెదడు నీరు పరీక్షించారు. అందరూ అనుమానించిన జపనీస్ మెదడువాపు జాడ కనిపించలేదు. కనిపించింది చాందీపుర అనే వైరస్. 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. యిది నిజంగా మెదడు వాపేనా, మరొకటా అని వైద్యులలో వాదాలు నడిచాయి.

యిక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. చాందీపుర కొత్త పేరు కాదు. 1965లో నాగపూర్ ప్రాంతంలో జ్వరాలు ప్రబలినప్పుడు పూనా శాస్త్రజ్ఞులు రోగుల రక్తం తెచ్చి చూశారు. వారు వెతికింది డెంగ్యూను, చికున్‌గున్యాను. యిద్దరి రక్తంలో మాత్రం వేరే వైరస్ దొరికింది. పిచ్చికుక్క కాటు వైరస్ కుటుంబంలోనిదే, తుపాకి గుండు ఆకారం. ఆ చోటు పేరే దానికి పెట్టారు. తరువాత మహారాష్ట్రలోనే ఇసుక ఈగల్లో దొరికింది. ఆఫ్రికాలో నైజీరియాలో వొక ముళ్లపందిలాంటి చిన్న జంతువులో దొరికింది. సెనెగల్ దేశపు ఇసుక ఈగల్లోనూ దొరికింది. అంటే రెండు ఖండాల పటం మీద దానికి చుక్కలు పడ్డాయి, కాని మనుషులకు ప్రమాదమని దాదాపు నలభై యేళ్లపాటు యెవరూ గట్టిగా అనుకోలేదు. వైరస్‌కు పేరుంది, వూరుంది. నేరం మాత్రం మోపలేదు.

2024లో గుజరాత్ వార్తలు వచ్చినప్పుడు మా కాలేజీ స్టాఫ్ రూములో యీ మాటే వచ్చింది. నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి; జంతుశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన నా పక్క కుర్చీలో కూర్చుంటారు. “ఇసుక ఈగ అంటే గోదావరి ఒడ్డున వుండేదా?” అని అడిగాను. ఆయన నవ్వారు.

ఆ పేరు యింగ్లీషు నుంచి వచ్చింది. దాని రంగును బట్టి పెట్టినది. ఇసుక తిన్నెల మీద వెతికితే దొరకదట. గోడ నెర్రెల్లో, పశువుల కొట్టంలో, పేడ కలిసిన తేమ మట్టిలో పెరుగుతుంది. నీళ్లలో గుడ్లు పెట్టదు కనుక, గుంటలు పూడ్చినంత మాత్రాన పోదు. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. దోమలాగ చెవి దగ్గర పాట పాడదు. ఆడది మాత్రమే కుడుతుంది, అదీ చీకటి పడ్డాక. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోగలదు. అవ్వ చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

“యెంత దూరం యెగురుతుంది?” అన్నాను.

“మహా అయితే కొన్ని వందల గజాలు.”

మరి నాగపూర్ నుంచి మా వూరికి యెలా వచ్చింది? రాలేదన్నది ఆయన సమాధానం. తల్లి ఈగ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు వైరస్ సంక్రమించగలదని ప్రయోగశాలలో చూశారు. వుండవలసినచోట అది వుండనే వుంటుంది. యెండలు ముదిరి, తొలకరి పడే రోజుల్లో తలయెత్తుతుంది. మనం దాని వ్యాప్తి అని గీసే పటం చాలావరకు మనం వెతికిన చోట్ల పటమే.

యిది కొత్త కథ కూడా కాదు. యిరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో డోయర్ అనే ఆస్ట్రియా సైనిక వైద్యుడు హెర్జెగోవినాలో సిపాయిల మూడు రోజుల జ్వరానికి మూలం యీ ఈగేనని నిరూపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆల్బర్ట్ సాబిన్, తరువాత పోలియో చుక్కలు తయారుచేసిన ఆయనే, సిపాయిల రక్తంలో వేర్వేరు వైరస్‌లు కనిపెట్టాడు. సిసిలీ, నేపుల్స్ అని వూళ్ల పేర్లే వాటికీ నిలిచాయి. అవి వేరే వంశంవి. సిపాయిలున్నచోట వైద్యులుంటారు కనుక అక్కడ చుక్కలు పడ్డాయి.

ఆ యేటి దేశం లెక్క చూడండి. 2024 జూన్ నుంచి ఆగస్టు నడిమి దాకా మెదడువాపు లక్షణాలతో 245 మంది, చనిపోయినవారు 82 మంది. పరీక్షలో చాందీపుర అని తేలినది 64 మందికి. అప్పటికి యిరవై యేళ్లలో అదే పెద్ద విజృంభణ. కేసులు వొకచోట కుప్పపడలేదు. జిల్లా జిల్లాకూ చెదురుమదురుగా వచ్చాయి. 2003లో మా వైపున పోయిన పిల్లల వంతు సగానికి మించితే, యిక్కడ మూడో వంతు. దీనికి యింతవరకు టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. పిల్లకు జ్వరంతోపాటు ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడివున్నా తెల్లవారేదాకా ఆగకూడదు. గోడ నెర్రెలు పూడ్చుకోవడం, పెంటకుప్ప యింటికి దూరంగా వేయడం మన చేతిలో వున్న పనులు.

కిందటి యేడు వేసవి సెలవుల్లో మిత్రుణ్ణి మా వూరికి తీసుకుపోయాను. ఆయన సంచిలో తెల్ల కాగితాలు, వొక సీసాలో ఆముదం. కాగితానికి ఆముదం పూసి గోడ నెర్రెల దగ్గర, కొట్టంలో వేలాడదీస్తే ఈగలు అంటుకుంటాయి. ప్రపంచమంతటా యీ పద్ధతి వాడుతారట. మన ఆముదానికి యింత మర్యాద వుందని నాకు తెలియదు. అవ్వ యింట్లో ఆరు కాగితాలు కట్టాము. ఆమెకు యిప్పుడు చూపు ఆనదు.

తెల్లవారి చూస్తే మూడు అంటుకుని వున్నాయి. మిత్రుడు సూదికొనతో వాటిని తీసి ఆల్కహాలు వున్న చిన్న సీసాలో వేశారు. చీటీ మీద తారీఖు, మా వూరి పేరు, “మట్టి యిల్లు” అని పెన్సిలుతో రాశారు. అవ్వ సీసా చేతిలోకి తీసుకుని, కళ్లకు ఆనించుకుని చాలాసేపు చూసింది.

“గింతదేనా?” అన్నది.