మస్టరు రోలు, ప్రజల లెక్క

అవినీతి మీద మన సాహిత్యంలో రచనలకు కొదవలేదు. చేయి తడపందే ఫైలు కదపని గుమాస్తా, బిల్లుకింత అని వాటా పుచ్చుకునే ఇంజనీరు, ఎన్నికల ఖర్చు వడ్డీతో సహా రాబట్టుకునే నాయకుడు మన కథల్లో తరచుగా ఎదురవుతూనే ఉంటారు. అయితే వీటిలో చాలా కథలు చదివి ముగించాక పాఠకుడికి మిగిలేది మనుషులు చెడిపోయారన్న విచారం. ఈ విచారం వల్ల ఎవరికీ నష్టం లేదు. లంచం పుచ్చుకునేవాడు కూడా అందులో నిశ్చింతగా పాలు పంచుకోగలడు. “అవినీతి” అన్న మాటలోనే నీతి ప్రసక్తి ఉండటం వల్ల దాన్ని శీలానికి సంబంధించిన విషయంగా చూడటం మనకు అలవాటైపోయింది. రాజస్థాన్ కరువు పనుల కూలీలు దాన్ని లెక్కకు సంబంధించిన విషయంగా చూశారు. వాళ్ళ ఉద్యమం ఎలా నడిచింది, దాన్నుంచి ఏ చట్టం పుట్టింది, ఆ చట్టానికి ఇవాళ ఏ ముప్పు వచ్చింది అన్నవి వివరించడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం. రచయితలకు దీనితో ఏం పని అన్న ప్రశ్నకూ చివర్లో నాకు తోచిన జవాబు చెబుతాను.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. రాజస్థాన్‌లో కరువు వచ్చిన ఏడల్లా ప్రభుత్వం రోడ్లు, చెరువుల పనులు పెట్టేది. కూలీలకు కనీస వేతనం దక్కేది కాదు. కరువు సాయం కాబట్టి తక్కువ ఇచ్చినా తప్పు లేదని ప్రభుత్వం వాదించింది. సంజిత్ రాయ్ కేసులో 1983లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ కిందికే వస్తుందని చెప్పింది. తీర్పు గొప్పదే. కాని తీర్పు వచ్చాక కూడా కూలీ చేతికి పూర్తి కూలి రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

కూలి అడిగితే, “మీరు చేసిన పని ఇంతే, రికార్డులో ఇంతే ఉంది” అనేది అధికారుల సమాధానం. ఆ రికార్డు చూపించమంటే అది ప్రభుత్వ రహస్యం! 1923 నాటి అధికార రహస్యాల చట్టం తెల్లదొరలతో పోలేదు. దాని నీడ పంచాయితీ బీరువా దాకా పరుచుకునే ఉంది. పని చేసిన చేతులు ఒకరివి, ఆ పనిని రాసిన చేయి మరొకరిది. రాసినదాన్ని చూసే హక్కు చేసినవాళ్ళకు లేదు. దొంగతనానికి ఇంతకంటే భద్రమైన చోటు ఏముంటుంది?

ఉద్యోగానికి 1975లో రాజీనామా చేసిన ఐ.ఏ.ఎస్. అధికారిణి అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ 1987లో దేవ్‌డుంగ్రీ అనే పల్లెలో మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. 1990 మే 1న అక్కడి రైతులూ కూలీలతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. ఈ సంఘం కనిపెట్టిన పోరాట రూపం “జన్ సున్‌వాయీ”, అంటే ప్రజా విచారణ. మొదటిది 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో జరిగింది.

దాని పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఊళ్ళో ఒక గుడారం, ఒక మైకు. ఒక పనికి సంబంధించిన మస్టరు రోలు, బిల్లులు, వోచర్లు సంపాదించి ఊరందరి ముందూ పేరు పేరునా చదువుతారు. ఫలానావాడు పన్నెండు రోజులు పని చేశాడని కాగితం చెబుతుంది. ఆ మనిషి లేచి నేను అసలు ఆ పనికే పోలేదంటాడు. మరొక పేరు చదివితే, ఆయన పోయి చాలా కాలమైంది కదా అని ఊరు నవ్వుతుంది. రాయి తోలినట్టు బిల్లుంటుంది, తోలిన బండివాడు ఉండడు. కట్టినట్టు చూపించిన భవనం ఎక్కడుందని అడిగితే జవాబుండదు. అధికారులనూ సర్పంచునూ కూడా పిలుస్తారు, చెప్పుకునేదుంటే చెప్పుకోమంటారు. విన్నదానికి సాక్షులుగా బయటి పెద్దలు కొందరు కూర్చుంటారు. కొన్ని చోట్ల సర్పంచులు తిన్న డబ్బు బహిరంగంగా తిరిగి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసింది ఒకటుంది. జన్ సున్‌వాయీ కోర్టు కాదు. శిక్ష వేసే అధికారం దానికి లేదు. దాని బలమంతా, అక్షరం రాని మనిషి అక్షరానికి ఎదురు సాక్ష్యం చెప్పడంలో ఉంది. అంతవరకూ కాగితం మాట్లాడితే ఊరు వినేది. ఇప్పుడు ఊరు మాట్లాడితే కాగితం దొరికిపోయింది.

పంచాయితీ రికార్డుల నకళ్ళు ప్రజలకు ఇస్తామని రాజస్థాన్ ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ 1995 ఏప్రిల్‌లో శాసనసభలోనే ప్రకటించారు. ఏడాది గడిచినా ఉత్తర్వు రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో సంఘం ధర్నాకు కూర్చుంది. నలభై రోజులు సాగిన ఆ ధర్నాకు పల్లెలు ధాన్యం పంపాయి, పట్టణంలోని దుకాణదారులూ కార్మిక సంఘాలూ తోడు నిలిచాయి. “మా డబ్బు, మా లెక్క” అన్నది వాళ్ళ నినాదం. మరుసటి ఏడు జైపూరులో యాభై మూడు రోజుల ధర్నా జరిగింది. రాజస్థాన్‌కు సమాచార హక్కు చట్టం 2000లో వచ్చింది. దేశమంతటికీ వర్తించే చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమలైంది. పది రూపాయల రుసుముతో, కారణం చెప్పనక్కరలేకుండా, ముప్పై రోజుల్లో సమాచారం పొందే హక్కు దానివల్ల పౌరుడికి దక్కింది. జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు.

దీనికి మన గడ్డతో సంబంధం లేకపోలేదు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. పనులను గ్రామసభే తనిఖీ చేయాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. రాజస్థాన్‌లో ప్రభుత్వాన్ని ఎదిరించి పుట్టిన పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే “సామాజిక తనిఖీ” పేరుతో చేపట్టి, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టింది. కూలీల కుటుంబాల యువతీ యువకులు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, తేలినవి చదివారు. ఇది సామాన్యమైన విషయం కాదు. అయితే తప్పు తేలినంత సులువుగా సొమ్ము వెనక్కి రాలేదు. లెక్క అడిగే అధికారం ఊరికి వచ్చినా, శిక్షించే అధికారం మళ్ళీ ఆ ఆఫీసు మెట్ల మీదే ఉండిపోయింది.

కోర్టుల పాత్రనూ తక్కువ చేయలేం. ప్రభుత్వ కార్యాలను తెలుసుకునే హక్కు ప్రజలకుందన్న మాట 1975లో రాజ్ నారాయణ్ కేసులోనే సుప్రీంకోర్టు అంది. అభ్యర్థుల ఆస్తులు, నేరచరిత్ర ఓటరుకు తెలియాలన్న 2002 తీర్పుకూ, ఎన్నికల బాండ్లను కొట్టివేసిన 2024 ఫిబ్రవరి 15 నాటి తీర్పుకూ మూలం ఆ సూత్రమే. కాని 1975 నుంచి 2005 దాకా, ముప్పై ఏళ్ళు, ఆ సూత్రం మామూలు కూలీ చేతికి అందే పనిముట్టు కాలేదు. దాన్ని పనిముట్టుగా మలిచింది ధర్నా గుడారమే.

ఇక ముప్పు సంగతి. లెక్క అడిగినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్న దేశం ఇది. రహదారి పనుల్లో అక్రమాలను ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకు గురయ్యాడు. ఇలాంటివారి రక్షణకు 2014లో చేసిన చట్టం పదేళ్ళు గడిచినా అమలులోకి రాలేదు. 2019 సవరణ సమాచార కమిషనర్ల పదవీకాలాన్నీ జీతాలనూ కేంద్ర ప్రభుత్వం చేతిలో పెట్టింది. నా దృష్టిలో వీటికంటే లోతైన దెబ్బ 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. అది సమాచార హక్కు చట్టం 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. ప్రజా వ్యవహారంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించవచ్చుననీ, విశాల ప్రజాప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాలనీ పాత సెక్షన్ చెప్పేది. శాసనసభకు నిరాకరించలేనిదాన్ని పౌరుడికీ నిరాకరించరాదని కూడా అందులో ఉండేది. కొత్త సెక్షన్‌లో ఈ షరతులేవీ లేవు. వ్యక్తిగత సమాచారం అయితే చాలు, నిరాకరించవచ్చు.

8(2) సెక్షన్‌లో ప్రజాప్రయోజనం మాట ఇంకా ఉంది కదా అని కొందరు అంటారు. ఉంది. కాని దాన్ని తూచే తక్కెడ మొదట పట్టుకునేది కాగితం దాచాలనుకునే ఆఫీసే. మస్టరు రోలు అంటే ఏమిటి? పేర్ల జాబితా. పేరు వ్యక్తిగత సమాచారమైతే, చచ్చినవాడి పేరిట కూలి తిన్నవాణ్ణి పట్టుకునేదెలా? పేర్లు తీసేసిన మస్టరు మీద ఏ ఊరు సాక్ష్యం చెప్పగలదు?

ఇప్పుడు రచయితల సంగతి. లెక్క తేలితే అన్యాయం పోతుందన్న భ్రమ నాకు లేదు. కాళీపట్నం రామారావు “యజ్ఞం”లో పంచాయితీ ముందుకు వచ్చిన అప్పు లెక్క తప్పుడు లెక్క కాదు. లెక్క సరిగ్గా ఉన్నచోట కూడా మనిషిని నలిపే వ్యవస్థ ఉంటుందని ఆ కథ చూపించింది. రావిశాస్త్రి “ఆరు సారా కథలు” మద్యనిషేధ చట్టమే కొందరికి పంట పొలం ఎలా అయిందో చూపించాయి. చెడ్డ మనిషిని చూపించి చేతులు దులుపుకోకుండా, అన్యాయం ఏ దారిన నడుస్తోందో చూపించడం మన కథకు కొత్త కాదు. ఆ దారి ఇవాళ మస్టరు రోలు గుండా, కొలతల పుస్తకం గుండా, కమిషన్‌లో తేలని అప్పీలు గుండా పోతోంది. సాహిత్య విద్యార్థులు ఒక్క ప్రజావేదికకైనా పోయి, పేర్లు చదువుతున్నప్పుడు జనం ఏం మాట్లాడతారో వినాలని నా కోరిక. పేర్లు చదివే ఆ హక్కే ప్రమాదంలో పడిన సమయంలో, చట్టంలో మారిన ఆ నాలుగు మాటల అర్థం ప్రజలకు విడమరిచి చెప్పడం మాటలతో పని చేసే మన బాధ్యత.