కంప్యూటరు తెర: అట్టపెట్టెపై అంకెల అర్థము

పల్నాడు జిల్లా రొంపిచెర్లలో ఒక ఉన్నత పాఠశాలకు కంప్యూటరు తెర కొనవలసి వచ్చినదనుకొందము. నరసరావుపేట వెళ్ళి అంగడిలో అడిగినచో ఒక అట్టపెట్టె చూపుదురు. దానిపై “24 అంగుళములు, 1920×1080, 250 నిట్లు, 1000:1, 5 మిల్లీసెకండ్లు, 178 డిగ్రీలు” అని అచ్చువేసి యుండును. ధర మాత్రమే చూచి కొనినచో, ప్రక్క బల్లపై కూర్చున్న విద్యార్థికి పాఠము కనిపించకపోవచ్చును. కావున ఈ అంకెల అర్థము తెలిసికొనుట మంచిది.

1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జరు ఒక విచిత్రమైన పదార్థమును గమనించెను. అది సుమారు 145 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మబ్బుగా నుండెను. సుమారు 178 డిగ్రీల వద్ద తేటపడెను. ఆ మధ్యస్థితిలోని పదార్థమునే ద్రవస్ఫటికమందురు. అది ద్రవమువలె పారును. స్ఫటికమువలె దాని అణువులు ఒక వరుసలో నుండును. విద్యుత్తు సోకినపుడు ఆ వరుస మారును. తెరలో రెండు ధ్రువణ ఫలకముల నడుమ ఈ పదార్థము పలుచని పొరగా నుండును. వెనుకనుండి దీపకాంతి వచ్చును. అణువుల వరుసనుబట్టి ఆ కాంతి ముందునకు వచ్చుటయో, ఆగిపోవుటయో జరుగును.

24 అంగుళములనగా తెర యొక్క కర్ణము; వెడల్పు కాదు. వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, ఎత్తు 30 సెంటీమీటర్లు. తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తము 20,73,600 కలవు. ఈ చుక్కనే పిక్సెలందురు. ప్రతి చుక్కలోను ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు భాగములుండును.

తెలుగువారికి ఈ లెక్క ముఖ్యమైనది. “లక్ష్మి” అను మాట వ్రాయుటకు పైన గుడి, క్రింద వత్తులు పట్టవలెను. ఒక పంక్తికి 30 చుక్కల ఎత్తు కేటాయించినచో, 1080 వరుసల తెరపై 36 పంక్తులు పట్టును. 1366×768 తెరపై 25 మాత్రమే పట్టును. పంక్తులను ఇరికించినచో వత్తులు అలుకుకొనిపోవును.

250 నిట్లనగా తెలుపురంగు వెలుగు, చదరపు మీటరునకు 250 క్యాండెలాలు. 1000:1 అనగా నలుపు వెలుగు అందులో వేయవవంతు, అనగా 0.25. ఇది చీకటిగదిలోని మాట. కిటికీ వెలుగు తెరపై పడి 10 నిట్లు ప్రతిఫలించినదనుకొందము. అపుడు తెలుపు 260, నలుపు 10.25 అగును. నిష్పత్తి సుమారు 25కు దిగజారును! మన ఎండలకు ఖరీదైన తెరకంటె, తెరను కిటికీకి ఎదురుగా పెట్టకుండుటయే ఎక్కువ మేలు చేయును.

ఈ తెరలు సాధారణముగా సెకనుకు 60 సార్లు బొమ్మను మార్చును. అనగా ఒక్కొక్క బొమ్మకు 16.7 మిల్లీసెకండ్లు. ద్రవస్ఫటికము అంతకంటె త్వరగా మారనిచో కదలు బొమ్మ వెనుక నీడ కనిపించును. 5 మిల్లీసెకండ్లు పాఠశాలకు చాలును.

178 డిగ్రీలనగా చూడదగిన కోణము. సాధారణముగా తెలుపు నలుపుల నిష్పత్తి 10:1కు తగ్గువరకు ఈ కోణమును లెక్కింతురు. కావున అంచునుండి చూచువానికి ముందు కూర్చున్నవానివలె కనిపించునని తలపరాదు. కొనుటకు ముందు ప్రక్కకు జరిగి కంటితో చూచుకొనవలెను.

విద్యుత్తు మాట కూడ కలదు. ఒక్కొక్కటి 20 వాట్ల చొప్పున పది తెరలు ఐదు గంటలు వెలిగినచో ఒక యూనిటు ఖర్చగును. పూర్వపు గాజుగొట్టము తెరలు 80 వాట్లవైనచో అదే పనికి నాలుగు యూనిట్లు కావలెను.

తెర వచ్చిన పిమ్మట ఉపాధ్యాయులు తెల్లని బొమ్మ నుంచి, ప్రయోగశాలలోని భూతద్దముతో విద్యార్థులచే చూపింపవలెను. తెల్లగా తోచినచోట తెలుపు చుక్క ఒక్కటియు లేదని, ఉన్నవి మూడు రంగులేనని వారే చెప్పుదురు.