మీటకూ తెరకూ మధ్య

విజయవాడ డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో పుస్తకం కూర్చినా, కోరల్‌డ్రాలో పెళ్లిపత్రిక వేసినా, చాలా ఏళ్లు తెలుగు పడింది అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి సాఫ్ట్‌వేర్ల పుణ్యమే. పేజ్‌మేకర్‌కు తెలుగు రాదు. నొక్కిన మీట దానికి చేరేలోపే మధ్యలో ఇంకో ప్రోగ్రాం అందుకుని తెలుగు ఫాంటుకు తగ్గట్టు మార్చాలి. విండోస్‌లో ఇలాంటి పనికి ఉన్న దారుల్లో ఒకటి కీబోర్డ్ హుక్. సెట్‌విండోస్‌హుక్‌ఎక్స్ అనే ఫంక్షన్‌తో ఒక ప్రోగ్రాం నమోదైతే, మీరు వర్డ్‌లో టైప్ చేస్తున్నా బ్రౌజర్‌లో టైప్ చేస్తున్నా, మీట నొక్కిన సంగతి ముందు దానికే తెలుస్తుంది. అది మీటను మార్చవచ్చు, మింగేయవచ్చు, ఏమీ ఎరగనట్టు ముందుకు పంపనూవచ్చు. దీనికి సాధారణంగా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా అక్కర్లేదు. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ వచ్చేదీ ఈ దారినే. అందుకే, అవసరం లేనిచోట ఇంత అధికారాన్ని ఏ ప్రోగ్రాంకూ ఇవ్వకూడదని నా వాదన.

తెలుగులో టైప్ చేస్తే దొంగకు అర్థం కాదు కదా అనేవారున్నారు. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు పద్ధతిలో ‘కొండపల్లి’ అని కొట్టి చూడండి. కె, ఒకటి అంకెకు ఎడమ పక్క మీట, ఎక్స్, ఎడమ బ్రాకెట్, హెచ్, ఎన్, డి, ఎన్, ఎఫ్: మొత్తం తొమ్మిది మీటలు. హుక్‌కు చిక్కేది ఈ మీటల వరసే, నిజమే. కానీ ఏ మీటకు ఏ అక్షరమో ఇన్‌స్క్రిప్ట్ ప్రమాణంలోనే ఉంది, తిప్పి చదువుకోవడం నిమిషాల పని. పైగా కొండపల్లి బొమ్మల కరపత్రం కొట్టిన సిస్టమ్‌లోనే బ్యాంకు పాస్‌వర్డూ, ఓటీపీ కూడా కొడతాం. వాటికి తెలుగు ముసుగు అసలే లేదు.

ప్రెస్సువాళ్లకు పాత ఫాంట్లు లేనిదే రోజు గడవదన్న మాటను కాదనలేం. వాళ్లు కొనుక్కున్న అసలు సాఫ్ట్‌వేర్ వాడుకోవడంలో తప్పు లేదు. భయమంతా క్రాక్ కాపీలతోనే. యాంటీవైరస్ ఆపేస్తే గానీ ఎక్కని ప్రోగ్రాంకు ప్రతి మీటా అప్పగించడం ఏం న్యాయం? ఉత్తరాలు, అర్జీలు, వ్యాసాలు రాసుకునేవారికైతే హుక్ అక్కరే లేదు. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 నుంచే అందులో యూనికోడ్ తెలుగు కీబోర్డు ఉంది. ఇంగ్లిషు స్పెల్లింగుతో రాసేవారికి 2019లో విండోస్ 10లోనే ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చుకుని దాన్నే వాడండి. డీటీపీ సిస్టమ్‌లో బ్యాంకు పని పెట్టుకోకండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.